స్టేడియం మీద పేరు, మెట్ల కింద చేతులు

(ఊరి చివర చరిత్ర – 11వ భాగం)



పోయిన భాగం కింద చాలామంది విద్యార్థులు "అన్నా, ఆటల గురించి కూడా రాయండి" అని అడిగారు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నా రాత ఆటగాళ్ల దగ్గర ఆగలేదు. గేటు దగ్గరికి పోయింది, మెట్ల దగ్గరికి పోయింది, మెట్ల కింద చీపురు పట్టుకున్న చేతి దగ్గరికి పోయింది. సరే, అదే రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి, మీ తమ్ముళ్ల చేత, చెల్లెళ్ల చేత చదివించండి.

2024 డిసెంబరు 31. ఊరంతా కొత్త సంవత్సరం కేకులు కొనే పనిలో ఉంటే నేను హైదరాబాద్‌లో సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ ఫైనలుకు వెళ్లాను. నెల్లిమర్లలో బయల్దేరే ముందు మా చిన్నాన్న గడపలో కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏట్రా, అయిదరాబాదు ఎల్తున్నావంట?"

"అవును సిన్నాన్నా. గచ్చిబౌలిలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది."

"ఆ స్టేడియమేనా? నాను ఆడ కాంక్రీటు మోసానురా, మెట్లు పోసినప్పుడు."

నేను చెప్పు వేసుకుంటున్నవాడిని ఆగిపోయాను. ఇరవై రెండేళ్లయింది ఆ స్టేడియం కట్టి. ఒక్కనాడూ ఆ మాట ఆయన నోట వినలేదు.

"మరి ఎప్పుడూ సెప్పనేదేటి సిన్నాన్నా?"

"సెప్పడానికేటుందిరా గుంటడా? ఎన్ని కట్నేదు? అన్నీ సెప్పుకుంటూ కూకుంటామేటి?"

ఈ ఒక్క మాట చాలు మిత్రులారా, మన చరిత్ర ఎలా పోయిందో అర్థం కావడానికి. కట్టినవాడు చెప్పుకోడు. చెప్పుకునేవాడు కట్టలేదు.

*

నెల్లిమర్ల అంటే చాలామందికి జూట్ మిల్లు. చంపావతి ఏటి ఒడ్డున ఊరు, మద్రాసు–హౌరా రైలు మార్గం మీద స్టేషను, బ్రిటిష్ కాలం నాటి మిల్లు. 1994 జనవరిలో ఆందోళన చేస్తున్న మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే కార్మికులు చనిపోయారు. మా ప్రాంతంలో ఆ రోజును ఎర్రజెండా పట్టినవాళ్లూ గుర్తుంచుకుంటారు, నీలిజెండా పట్టినవాళ్లూ గుర్తుంచుకుంటారు.

మా చిన్నప్పుడు మాకు బంతి ఇచ్చింది కూడా ఆ గోనెనారే. చిరిగిన గోనె సంచిలో పాత గుడ్డలు, జూట్ పీచు కుక్కి, పురికొసతో బిగించి కట్టేవాళ్లం. వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. దాన్ని కాళ్లతో తన్నేవాళ్లం. అదే మా ఫుట్‌బాల్.

అసలు బంతి బడి మైదానంలో ఉండేది. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం, అలాంటి బళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. మా పేట గుంటలకు అక్కడ ఒక పని ఉండేది. బంతి తుప్పల్లోకి పోయినా, మురుక్కాలవలోకి పోయినా మేమే తెచ్చి ఇవ్వాలి. జట్టులోకి మాత్రం మమ్మల్ని పిలిచేవారు కాదు. మురుక్కాలవలోంచి బంతి తీసింది మేమే, చేతులు కడుక్కుని రండని కసిరించుకున్నదీ మేమే.

అందుకే నాకు ఆటల చరిత్ర చదివేటప్పుడు మొదట ఒకే ప్రశ్న వస్తుంది. బంతి ఏరింది ఎవరు?

*

మా నెల్లిమర్లకు పదిమైళ్లలోపే విజయనగరం. అక్కడ విజ్జీ స్టేడియం ఉంది. విజ్జీ అంటే విజయనగరం రాజవంశంలో పుట్టిన విజయానంద గజపతి రాజు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. ఆయన ఎలా కెప్టెనయ్యాడో క్రికెట్ చరిత్రలు రాసినవాళ్లెవరూ దాచలేదు. జట్లను పోషించాడు, విదేశీ ఆటగాళ్లను డబ్బు పెట్టి రప్పించాడు, పెద్దవాళ్ల దగ్గర పలుకుబడి సంపాదించాడు. ఆ పర్యటనలో ఆడిన మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించేశారు. మూడు టెస్టుల్లోనూ కలిపి కెప్టెన్ గారు చేసిన పరుగులు 33.

ఇప్పుడు ఇంకొక పేరు చెబుతాను. పల్వాంకర్ బాలూ. 1876లో ధార్వాడలో పుట్టాడు. చమార్ కులం. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ రోలర్ లాగే పని, వాళ్లు బ్యాటింగ్ సాధన చేస్తుంటే నెట్స్‌లో బంతులేసే పని. ఆ పని చేస్తూ చేస్తూ దేశంలోనే గొప్ప స్పిన్నరయ్యాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన మొదటి అఖిల భారత జట్టులో ఆడి 114 వికెట్లు తీశాడు. ఆ పూనాలోనే తోటి హిందూ ఆటగాళ్లు ఆయనతో కలిసి మైదానంలో ఆడారు గానీ, టీ మాత్రం ఆయనకు పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చారు. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు చివరిదాకా ఇవ్వలేదు. ఎన్నో ఏళ్ల గొడవ తర్వాత 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఇవ్వాల్సి వచ్చింది.

114 వికెట్లు తీసినవాడికి కెప్టెన్సీ రాలేదు. 33 పరుగులు చేసినవాడికి వచ్చింది, స్టేడియమూ వచ్చింది. నేను విజ్జీని తిట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ స్టేడియంలో మా పిల్లలు కూడా పరుగెత్తుతున్నారు, సంతోషం. కానీ ఒకటి గమనించండి. విజయనగరంలో రిక్షా అతన్ని అడిగినా, కలెక్టరాఫీసు బంట్రోతును అడిగినా "విజ్జీ స్టేడియం" అనే అంటారు. రాజుగారి ముద్దుపేరు జనం నోట నిలిచింది.

ఇది గుర్తుపెట్టుకోండి. మళ్లీ ఇక్కడికే వస్తాం.

*

హైదరాబాద్‌లో పాత స్టేడియం పేరు ఫతే మైదాన్. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు విడిది చేసిన చోటు. కోట పడిపోయింది కాబట్టి అది 'గెలుపు మైదానం' అయింది. నిజాముల కాలంలో దొరలు, నవాబులు అక్కడ పోలో ఆడారు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. సైన్యం, నవాబు, ప్రధానమంత్రి. పేర్లు మారినా, పేర్లెప్పుడూ పైనుంచే వచ్చాయి.

కానీ ఆ నగరంలో ఫుట్‌బాల్ మాత్రం కింది నుంచి వచ్చింది. కంటోన్మెంటు పక్క బస్తీల నుంచి, పోలీసు లైన్ల నుంచి, మామూలు బళ్ల నుంచి వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా మనకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం లేదు.

రహీం పద్ధతి వినండి, పంతులు ఎలా ఆలోచిస్తాడో తెలుస్తుంది. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలని పోటీలు పెట్టేవాడు. ఒక్కడే హీరో అయ్యే ఆట కాదది. బంతిని అట్టిపెట్టుకునేవాడు జట్టును ఓడిస్తాడని ఆయన నేర్పించాడు. మన సంఘాల్లో మైకును అట్టిపెట్టుకునే నాయకులకు కూడా ఈ పాఠం పనికొస్తుంది.

ఆ నేల నుంచే తులసీదాస్ బలరాం వచ్చాడు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీద గోల్ కొట్టాడు. 1962 జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. పద్మ పురస్కారం ఇవ్వలేదు. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? స్టాండ్ల కింద ఉన్న చరిత్ర అంటే నేను చెప్పేది ఇదే.

*

ఇంకా కిందికి వెళ్దాం. బంతి దగ్గరికి.

ఇప్పుడు ఫుట్‌బాల్ సింథటిక్. కానీ నూరేళ్లకు పైగా అది తోలు బంతి. తోలు ఎవరు తీశారు? ఎవరు ఊనారు? ఎవరు కోశారు, ఎవరు కుట్టారు? తెల్లదొరల కాలంలో క్రీడా సామాగ్రికి సియాల్‌కోట్ పెట్టింది పేరు. దేశ విభజనలో అక్కడినుంచి వచ్చిన వ్యాపారులు, పనివాళ్లు జలంధర్‌లో ఆ పరిశ్రమను మళ్లీ నిలబెట్టారు. ఆ కుట్టుపనిలో మేఘ్ వంటి దళిత కులాలవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి. ఇళ్లలో కూర్చుని, బంతి ముక్కలు మోకాళ్ల మధ్య బిగించుకుని, రెండు సూదులతో కుట్టే పని. ఆడవాళ్లు, పిల్లలు కూడా కుట్టారు.

మన దగ్గర మాదిగ ఇంట తోలు పని ఉందని ఆ ఇంటినే ఊరికి దూరం పెట్టారు. తోలు ముట్టుకుంటే మైల. కానీ అదే తోలు గుండ్రంగా కుట్టి గాలి కొడితే, అగ్రకులం అబ్బాయి దాన్ని గుండె మీద ఆపుతాడు, నుదుటితో కొడతాడు. గోలైతే ముద్దు కూడా పెట్టుకుంటాడు. తోలుకు మైల లేదు మిత్రులారా. మైలంతా ఆ తోలు పని చేసిన మనిషి మీదే రుద్దారు.

*

ఇప్పుడు గచ్చిబౌలి స్టేడియానికి వద్దాం. దాని అసలు పేరు జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. సుమారు 30 వేలమంది పట్టే చోటు. 2002 డిసెంబరులో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో–ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం వచ్చిన కట్టడం ఇది. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానమయింది.

గంటి మోహనచంద్ర బాలయోగి. గౌతమీ గోదావరి ఒడ్డున యెదుర్లంకలో పుట్టిన దళిత బిడ్డ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివాడు. కాకినాడలో లాయరు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది, దాన్ని వదిలేసి రాజకీయాల్లోకి వచ్చాడు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకరయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు.

ఆయన పార్టీతో నాకు తగువుంది. 1985లో కారంచేడులో మనవాళ్లను నరికినప్పుడు రాష్ట్రంలో ఏ పార్టీ ప్రభుత్వం ఉంది? ఆ గాయం పచ్చిగా ఉండగానే ఆయన అదే పార్టీలో ఎదిగాడు కదా అని అడిగే యువకులున్నారు. అడగాలి. మన నాయకుణ్ణి మనం అడగకపోతే ఎవరడుగుతారు? కానీ అడిగేముందు ఒక రోజు గురించి తెలుసుకుని అడగండి.

1999 ఏప్రిల్ 17. లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్ష. బాలయోగి సొంత పార్టీ ఆ ప్రభుత్వానికి మద్దతిస్తోంది. అప్పుడొక చిక్కు వచ్చింది. కోరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రయ్యాడు, కానీ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వెయ్యొచ్చా, కూడదా? కోరాపుట్ మా జిల్లాకు కొండ అవతలే. గమాంగ్ సవర ఆదివాసీ. మా పార్వతీపురం కొండల్లో, శ్రీకాకుళం ఏజెన్సీలో ఉన్న సవరలే వాళ్లు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఓటు వద్దని ఉంటే తన పార్టీ గెలిపించాలనుకున్న ప్రభుత్వం నిలబడేది. బాలయోగి అలా అనలేదు. గమాంగ్ విచక్షణకే వదిలేశాడు. గమాంగ్ ఓటు వేశాడు. ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాదించనీయండి. నేను చూసేది ఇంకొకటి. ఆటలో రెఫరీ ఎలా ఉండాలి? తన ఊరి జట్టు ఓడిపోతుందని తెలిసినా నిబంధన లేని ఈల ఊదకూడదు. "రిజర్వేషన్లో వచ్చినవాడు కుర్చీ ఎక్కితే ఏమవుతుంది" అని వెక్కిరించే దేశంలో, రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన దళితుడు కుర్చీ ఎక్కితే జరిగింది ఇదీ. ఆరు నెలల తర్వాత, 1999 అక్టోబరులో, ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ కలిసి ఆయన్నే మళ్లీ ఏకగ్రీవంగా స్పీకర్ని చేశారు.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన చనిపోయాడు. ఆ ఏడాదే జాతీయ క్రీడలు వచ్చాయి. స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు విజ్జీ స్టేడియం దగ్గర గుర్తుపెట్టుకోమన్నది తీయండి. హైదరాబాద్‌లో ఆటో ఎక్కి "బాలయోగి స్టేడియం" అంటే ఎంతమంది తీసుకెళ్తారు? నేను ఎక్కిన ఆటో అతను "అది యాడుందన్నా?" అన్నాడు. "గచ్చిబౌలి స్టేడియం" అంటే "అట్ల చెప్పున్రి మరి" అని తీసుకెళ్లాడు. మా చిన్నాన్నకు చెప్పేటప్పుడు నేను కూడా గచ్చిబౌలి అనే అన్నాను. ఆ తప్పు నాది కూడా.

పొడుగు పేరు కదా, ఊరి పేరుతో పిలవడం సులువు కదా అంటారు. కావచ్చు. కుట్ర అని నేను అనను. కానీ విజయానంద గజపతి రాజు పేరు పొట్టిదా? దాన్ని జనం 'విజ్జీ' చేసి నిలుపుకున్నారు. బాలయోగి నాలుగక్షరాల పేరు. అది మాత్రం నోరు తిరగలేదు. అలవాటే అంటారా? మనకు దూరంగా కూర్చోవడం కూడా ఈ దేశానికి అలవాటే. అలవాట్లకు చరిత్ర ఉంటుంది.

*

మ్యాచ్ సంగతి చెప్పాలి. పశ్చిమ బెంగాల్, కేరళ. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాకు ఉంది కాబట్టి స్టాండ్ల నుంచి ఆటగాళ్లు కొంచెం దూరంగానే కనబడతారు. నేను కూర్చునే ముందు మెట్టు మీద ఒకసారి అరచేయి పెట్టి చూశాను. చలికాలం కదా, చల్లగా ఉంది. మా చిన్నాన్న తట్ట ఏ వరసలో పడిందో ఎవరు చెప్పగలరు?

బెంగాల్ మాకు పరాయి దేశం కాదు. పాతకాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు రైలెక్కి కలకత్తా చుట్టుపక్కల జూట్ మిల్లులకు వెళ్లారు. టిటాగఢ్‌లో ఇప్పటికీ తెలుగువాళ్ల బస్తీలున్నాయి. అక్కడ జూట్, ఇక్కడ జూట్. అందుకో ఏమో నా మనసు బెంగాల్ వైపు మొగ్గింది. నా పక్కన కూర్చున్న మలయాళీ కుర్రాళ్లు మాత్రం గొంతులు పోయేలా కేరళ కోసం అరుస్తున్నారు. ఇంతదూరం పనికి వచ్చి, వాళ్ల రాష్ట్రం పేరు పెట్టి అరుస్తుంటే చూడముచ్చటేసింది.

తొంభై నిమిషాలు అయిపోయాయి, గోల్ లేదు. అదనంగా కలిపిన నిమిషాల్లో రోబి హన్సదా గోల్ కొట్టాడు. బెంగాల్ గెలిచింది. 1–0. వాళ్లకిది 33వ సంతోష్ ట్రోఫీ. ఈ పోటీలో హన్సదా కొట్టిన గోల్స్ మొత్తం 12. అందరికంటే ఎక్కువ.

హన్సదా అనేది సంతాల్ ఆదివాసీల ఇంటిపేరు.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. దళితుడు రెఫరీగా కూర్చున్న సభలో ఒక ఆదివాసీ ఓటు ప్రభుత్వాన్ని మార్చింది. ఆ దళితుడి పేరున్న మైదానంలో ఒక ఆదివాసీ గోల్ కప్పును తేల్చింది. చరిత్ర ఇలా వరస కలిపి రాయదని నాకు తెలుసు. కలిపేది మనమే. వాళ్లు రాజులకు, తేదీలకు వరసలు కలుపుకోలేదా? మనమూ కలుపుకుందాం.

*

బయటికి వచ్చాను. అదే దారిలో కొంచెం ముందుకు వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట వెలివాడ వేసుకున్నది అక్కడే. రోహిత్ వేముల మనకు దూరమయింది అక్కడే. ఒకే రోడ్డు మీద ఇటు ఒక దళితుడి పేరుతో స్టేడియం, అటు దళిత విద్యార్థుల వెలివాడ. పేరు పెట్టడం తేలిక. పక్కన చోటివ్వడమే కష్టం.

ఇంకొకటి. ఆ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను 2003లో, బాలయోగి పేరు పెట్టిన ప్రభుత్వమే, ఒలింపిక్ ఆటగాళ్లను తయారుచేస్తామన్న ఒక ప్రైవేటు కంపెనీకి రాసిచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో కేసు 2024 దాకా నడిచింది, కంపెనీ ఓడిపోయింది. భూమి తిరిగి ప్రభుత్వం చేతికొస్తే ఏం చేశారు? నేను మ్యాచ్ చూసొచ్చిన మూడు నెలలకు అక్కడ బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం పడ్డారు, లాఠీలు తిన్నారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఇరవై ఏళ్ల పాటు ఆట పేరు చెప్పి నడిచిన ఈ భూమి కథలో ఏ పేట పిల్లాడికైనా ఒక బంతి దొరికిందా?

నేను స్టేడియాలు వద్దనడం లేదు. 400 ఎకరాలు ఒక కంపెనీకి ఇవ్వగలిగిన రాజ్యం, ప్రతి దళితపేట పక్కన ఒక ఎకరం మైదానం ఎందుకు ఇవ్వలేదని అడుగుతున్నాను.

*

జనం వెళ్లిపోయాక మెట్ల మీద సీసాలు, కాగితాలు, చిప్స్ కవర్లు మిగిలాయి. పచ్చ కోటు వేసుకున్న ఆడవాళ్లు చీపుర్లతో పైవరస నుంచి దిగుతూ వస్తున్నారు. ఒకామె నా కాళ్ల దగ్గర ఆగింది.

"అన్నా, జెర లేస్తవా? ఊడ్వాలె."

"లేస్తానక్కా. అక్కా, ఈ స్టేడియం పేరేంటి?"

"గచ్చిబౌలి స్టేడియం."

"ఎవరి పేరు పెట్టారో తెలుసా?"

"ఏమో అన్నా. ఎవరో పెద్దమనిషి ఉంటడు."

"మనవాడే అక్కా. దళితుడు. ఢిల్లీలో పార్లమెంటుకు స్పీకర్‌గా చేశాడు."

ఆమె చీపురు ఆపింది. నా మొహం చూసింది, గేటు వైపు చూసింది. "మనోడా?" అంది. అంతే. మళ్లీ వంగి ఊడ్చుకుంటూ పోయింది. ఆమె కులం నేను అడగలేదు. ఆ 'మనోడా' అన్న మాటలోనే నాకు జవాబు వచ్చేసింది.

పేరు ఉండటం ముఖ్యం మిత్రులారా. లేకపోతే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. కానీ గోడ మీద పేరు ఉన్నంత మాత్రాన చాలదు. ఆ పేరు చీపురు పట్టినామె దాకా రాలేదంటే ఎవరి తప్పు? ఇరవై రెండేళ్లుగా ఆ దారిలో తిరిగిన మనందరి తప్పు. విగ్రహానికి దండ వేయడం మనకు తెలుసు. ఒక కథ చెప్పడం మర్చిపోయాం.

అందుకని విద్యార్థులకు నావి మూడు విన్నపాలు. ఒకటి, ఇకనుంచి బాలయోగి స్టేడియం అనే అనండి. ఆటో అతనికి తెలియకపోతే దారి చెప్పండి, దారిలో కథ చెప్పండి. రెండు, మీ ఊళ్లో మైదానం ఎవరిది, అది ఎప్పుడు ఎవరి పేరు మీదికి వెళ్లిందో రెవెన్యూ రికార్డు తీయించండి. సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజు. మూడు, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఏయే కట్టడాలకు పనిచేశారో రాసి పెట్టండి. ఆ కాగితమే మన శిలాఫలకం.

*

విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో నిలబడి, కూర్చుని, విజయనగరంలో దిగి ఇంటికొచ్చాను. చిన్నాన్న అదే గడపలో ఉన్నాడు.

"ఏట్రా, సూసొచ్చీసావా?"

"సూసాను సిన్నాన్నా. ఆ స్టేడియం మన బాలయోగి గారి పేరు మీద ఉందని నీకు తెలుసా?"

"తెల్దురా. మేం పోసినప్పుడు పేరు నేదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. చుట్ట ఆరిపోయింది, మళ్లీ ముట్టించుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మెట్లు గట్టిగున్నాయేట్రా?"

"గట్టిగున్నాయి సిన్నాన్నా. ఏలమంది కూకున్నారు. ఎక్కడా బీట నేదు."

ఆయన తలూపాడు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ పనికి ఆయనకు దొరికిన మెప్పు అదొక్కటే. ఆ రాత్రి నోటు పుస్తకంలో మొదటి పేజీ తీసి, బాలయోగి స్టేడియం అని పైన రాసి, కింద మా చిన్నాన్న పేరు రాశాను.

వచ్చే భాగంలో నెల్లిమర్ల మిల్లులో పనిచేసిన మన ఆడవాళ్ల గురించి.

జై భీమ్.